కారపు పొడియు, అత్తగారి చీరల బొంతయు



ఈ మాసమున మీ ముందు రెండు ప్రయోగములను పెట్టుచున్నాను. ఒకటి వంటయింటిది, రెండవది కుట్టుపనిది. రెండింటను మొదట నేను పొరబడితిని. ఎక్కడ పొరబడితినో చెప్పుటయే మీకు ఎక్కువ మేలగునని తలచి, దాచక వ్రాయుచున్నాను.

మాది మొగుళ్లపల్లి. 2016లో జిల్లాలను విభజించునంతవరకు వరంగల్లు జిల్లాలోనిది. ఇప్పుడు జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోనిది. వరి, పత్తి, మిరప మా ప్రాంతపు పంటలు. మొదట మిరప సంగతి చెప్పెదను.

వరంగల్లు చపాటా మిరపకు 2025లో భౌగోళిక గుర్తింపు లభించిన సంగతి మీరు వినియేయుందురు. కాయ లావుగాను గుండ్రముగాను ఉండుటచేత దీనిని టమాటా మిరప యనియు పిలుతురు. దీనికి రంగు మిక్కుటము, ఘాటు తక్కువ. ఈ యేడు మా యింటికి ఎండు చపాటాకాయలు వచ్చినవి. నేను వాని గుణమును తలపోయక, ఏటేటి కొలతనే పట్టి, అయిదు కిలోల టమాటాల పచ్చడిని ఒక్కమారే కలిపితిని. పచ్చడి కుంకుమవలె నిగనిగలాడినది. మావారు ఒక ముద్ద తిని, “రంగు బహు బాగున్నది. కారమెక్కడ?” అనిరి. నాకు రోషము వచ్చి, ఘాటైన కారమును చేతికందినంత తీసి కలిపితిని. ఇక ఆ పచ్చడి ఎవరి నోటను పెట్టుటకు వీలులేకపోయినది.

అప్పుడు మా కోడలు, “అత్తమ్మా, ఒక్క గరిటెడు తీసి చూతమా?” అన్నది. ఆమె మాట చొప్పున మిగిలిన టమాటాలను ఉడికించి, నాలుగు చిన్న గిన్నెలలో గరిటెడేసి ఉంచి, ఒక్కొక్కదానిలో ఒక్కొక్క పాళ్లలో రెండు కారములను కలిపితిమి. ఏ గిన్నెలో నేమి వేసితిమో కాగితముపై వ్రాసికొంటిమి. మూడుపాళ్లు చపాటా, ఒకపాలు ఘాటు కారము కలిపిన గిన్నె మా యింటివారికి నచ్చినది. మీ మిరప వేరు, మీ నోరు వేరు. కావున నా పాళ్లను గ్రుడ్డిగా పట్టక, నాలుగు గిన్నెల పద్ధతిని పట్టుడు. చెడినచో గరిటెడే చెడును గాని జాడీ చెడదు.

కారము పట్టించుటకు ముందు కాయలను తొడిమలు తీసి, గలగల మ్రోగునంతవరకు ఎండబెట్టవలెను. తేమ నిలిచిన కాయకు బూజు పట్టును. బూజు పట్టిన కాయను తుడిచి వాడరాదు, పారవేయవలెను. ఆ బూజు విషము కావచ్చును. చేతులు మండినచో ఉత్త నీటితో కడిగిన ప్రయోజనము లేదు. మిరపలోని మంట పదార్థము నీటిలో కరగదు, నూనెలో కరగును. మొదట నూనె రాచి, పిదప సబ్బుతో కడిగికొనుడు.

ఇక బొంత సంగతి. మా కోడలికి ఇప్పుడు ఎనిమిదవ మాసము. మా యత్తగారు కాలము చేసి మూడేండ్లయినది. బొంత కుట్టుటలో ఆమెది అందెవేసిన చేయి. ఆమె యుండగా ఇంట ఏ బట్టయు వ్యర్థముగా పోలేదు. చీర మెత్తబడినపిదప బొంతలో చేరెడిది. పాత పంచె సంక్రాంతికి సకినాలు చుట్టుటకు పరుపుగుడ్డ యయ్యెడిది. అదియును జీర్ణించినపిదప పొయ్యివద్ద మసిగుడ్డ యయ్యెడిది. ఆమె కట్టిన నూలుచీరలు నాలుగు నా పెట్టెలో నుండెను. పుట్టబోవు బిడ్డకు ముత్తవ్వ చీరలతో ఏడు పొరల బొంత కుట్టవలెనని నా కోరిక.

ఇక్కడను తొందరయే నన్ను చెరచినది. మొదటి చీరకు అడుగున అంగడినుండి తెచ్చిన కొత్త ఎఱ్ఱని నూలుబట్టను, నడుమ ఎవరో ఇచ్చిన పాలియెస్టరు చీరను పెట్టి కుట్టితిని. కుట్టినప్పుడు చూడ ముచ్చటగా నుండెను. ఒక్కసారి ఉతుకగనే కొత్తబట్ట కుదించుకొనిపోయినది. ఏండ్ల తరబడి ఉతికిన పాతచీర కుదియలేదు. పాలియెస్టరు అసలే కుదియలేదు. బొంత ముడుతలుపడి, కుట్టు వెంబడి అత్తగారి చీర చినిగినది. ఎఱ్ఱరంగు దిగి దాని తెలుపంతయు పాడైనది. ఆ దినము నేను అన్నము తినలేదని చెప్పుటకు సిగ్గుపడను. నాలుగింటిలో ఒకటి పోయినది. అట్టిది మరల అంగడిలో దొరకదు.

కావున మీకు నా మనవి: బొంతలోనికి చేర్చు కొత్తబట్టలను ముందుగా వేడినీటిలో ఉతికి ఆరవేయుడు. రంగుబట్ట కొసను తడిపి తెల్లగుడ్డపై రుద్ది చూడుడు. రంగంటినచో దానిని చేర్చకుడు. నూలుతో నూలునే జతచేయుడు. పాలియెస్టరు చెమటను పీల్చదు. నిప్పు సోకినచో కరగి ఒంటికి అంటుకొనును. బాగా జీర్ణించిన బట్టను లోపలను, గట్టిదానిని పైనను ఉంచుడు. నేలపై ముడుతలు లేక పరచి, నాలుగు మూలలను బరువులుంచి, మొదట పెద్ద కచ్చాకుట్లు వేయుడు. పిదప నడుమనుండి అంచులవైపునకు, రెండు వ్రేళ్ల ఎడముతో వరుసలు కుట్టుడు. అట్లయిన ముడుత బయటికి జరుగును గాని లోపల చిక్కుకొనదు.

పాతబట్ట బొంతయని చిన్నచూపు వలదు. వంగదేశపు స్త్రీలు పాతచీరలను పొరలుపేర్చి కుట్టు కాంతాలు దేశవిదేశములందు పేరుగాంచినవి. అమెరికాలో అలబామా రాష్ట్రమందలి గీస్ బెండ్ అను పల్లెలో నల్లజాతి స్త్రీలు చినిగిన పనిబట్టలతో కుట్టిన బొంతలను 2002లో హ్యూస్టన్ నగరపు లలితకళల ప్రదర్శనశాలలో ఉంచిరి. 2006లో ఆ దేశపు తపాలాశాఖ వానిపై బిళ్లలు వెలువరించినది. ఆ పల్లె స్త్రీలు ప్రదర్శనలకై కుట్టలేదు, చలికై కుట్టిరి.

మిగిలిన మూడు చీరలను పరచి కూర్చున్నదినముననే మా వాడకు వచ్చు ఆశా కార్యకర్త కోడలిని చూడవచ్చినది. నా యేడు పొరల సంకల్పమును విని, “పెద్దమ్మా, ఏడాది నిండువరకు నిద్రించు బిడ్డ దగ్గర లావు బొంతలు, మెత్తని దిండ్లు ఉంచరాదు. ముఖముపై పడినచో బిడ్డ తొలగించుకొనలేదు, ఊపిరాడదు. చదునైన పడకపై వెల్లకిల పరుండబెట్టి, చలికి సరిపడు బట్టలు తొడిగిన చాలును” అని మెల్లగా చెప్పినది. నా మనసు చివుక్కుమన్నది. మా పిల్లలందరు బొంతలలోనే పెరిగిరి గదా యని నోటివరకు వచ్చినది. కాని జరుగని కీడును చూపి జరుగగల కీడును కాదనుట ఎట్లు? ఊరకుంటిని. కోడలు నావైపు చూచుచుండెను. “ఆమె చెప్పినట్లే చేయుదము” అంటిని. ఆ పిల్ల ముఖము తేటపడినది.

ఆ రాత్రియే లెక్క మార్చితిని. ఒక చీరను మూడు మడతలుగా మడిచి పలుచని బొంత కుట్టితిని. బిడ్డ మేలుకొని యుండగా, మేమెదుట నుండగా, నేలపై పరచి ఆడించుటకు అది చాలును. రెండవ చీర కోడలి బొంతకు పైపొర యైనది. మూడవదానిని కత్తిరింపక మడిచి పెట్టితిని. బిడ్డ పెద్దయి, దుప్పటి తానై త్రోసికొను నాటికి ఆ యేడు పొరల బొంతను కుట్టెదను. ప్రేమతో చేయుదానినైనను ముందు పరీక్షించి చూడవలెనని పచ్చడిగిన్నె చెప్పిన మాటనే బొంతయు నాకు చెప్పినది.

మీ యిండ్లలో చెడిన ప్రయోగములేవేని యున్నచో సంకోచింపక వ్రాసి పంపుడు. కుదిరినవానికన్న చెడినవే తోడి సోదరీమణులకు ఎక్కువగా పనికివచ్చును.