కలవకముందే

కైకలూరు దారిలో ఏదైనా ఐసు ఫ్యాక్టరీ ముందు కాసేపు నిలబడండి. ఉప్పునీటి తొట్టిలోంచి పైకి లేచిన డబ్బా బోర్లించగానే ఐసు దిమ్మ జారుతుంది. క్రషర్‌లో నలిగి, బొచ్చె, శీలావతి చేపల నడుమ పొరలు పొరలుగా పరుచుకుని, కోల్‌కతా లారీ ఎక్కుతుంది. ఇప్పుడు వెనక్కి వెళ్లండి. కండెన్సర్ గొట్టాల మీద నీళ్లు ధారగా పడుతున్నా గాలి ముఖానికి వెచ్చగానే తగులుతుంది. నీళ్లలోంచి లాగిన వేడి, మోటారు తిన్న కరెంటు తాలూకు వేడి, రెండూ కలిసి అక్కడ బయటికొస్తున్నాయి. ముందు చలువ, వెనక సెగ.

ఉష్ణగతిక రెండో నియమం సారం ఇంతే. వేడి తనంతట తాను చల్లని చోటు నుంచి వెచ్చని చోటికి పోదని 1850లో జర్మన్ శాస్త్రవేత్త క్లాసియస్ తేల్చాడు. ఈ లెక్కలో పెరిగేదే తప్ప మొత్తం మీద తగ్గనిదానికి 1865లో ఎంట్రోపీ అని పేరు పెట్టాడు. తాడేపల్లిగూడెం నిట్‌లో పిల్లలు దాన్ని సమీకరణాల్లో చదువుతారు. ఐసు దిమ్మలు మోసే కూలీకి అది రోజూ ఒంటికి తగిలే సంగతి.

వెచ్చదనం ఒక్కటే కాదు, కలిసిపోవడమూ ఈ నియమం కిందికే వస్తుంది. సముద్రపు నీరు ఉప్పుటేరు గుండా ఎదురెక్కి కొల్లేరు సరస్సు మంచినీటిలో కలవడానికి ఎవరూ పూనుకోనక్కర్లేదు. కలిసిన ఉప్పును వేరు చేయాలంటే మాత్రం యంత్రాలు కావాలి, కరెంటు కావాలి. ఏలూరు మురుగు, చేపల చెరువుల వ్యర్థజలం సంగతీ అంతే. మన వీధి శుభ్రంగా ఉందంటే, మన చెరువు తేటగా ఉందంటే, ఆ మురికి మాయమైందని కాదు, పల్లానికి వెళ్లిందని. ఆ పల్లం కొల్లేరు. ఐసు ఫ్యాక్టరీకి పెరడు ఎలాగో, ఏలూరు జిల్లాకు కొల్లేరు అలాగైంది.

1999లో ఆ కొల్లేటినే అభయారణ్యమన్నాం. 2002లో చిత్తడినేలలకిచ్చే రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరిట సరస్సును ఆక్రమించిన చేపల చెరువుల గట్లు కొట్టేశారు. తర్వాత ఆక్రమణలు మళ్లీ మొలిచాయి. చెదిరినదాన్ని సర్దడానికి పడే పాట్లు ఇవన్నీ.

చేయి దాటాక చేసే బాగుకన్నా చేయి దాటకముందు చేసే కాపు చౌక. మురుగును కాలువ మొదట్లోనే శుద్ధి చేయాలి, చెరువు నీటిని వదిలేముందే తేర్చాలి. కలిశాక విడదీసే స్తోమత మనకు లేదు.