కాలేయంలో రక్తనాళాల గడ్డ... భయపడాలా?

సమస్య: నా వయసు 42. పై కడుపులో నొప్పిగా ఉంటే స్కానింగ్ చేయించాం. పిత్తాశయంలో రాళ్లు లేవు గానీ, కాలేయంలో 2.2 సెం.మీ. 'హీమాంజియోమా' ఉందని రాశారు. రక్తనాళాల ట్యూమర్ అని తెలిసి ఇంట్లో అంతా భయపడుతున్నాం. ముక్క తీసి పరీక్ష చేయించమని బంధువులు అంటున్నారు. ఏం చేయాలి?
- ఓ సోదరి, మహబూబాబాద్

సలహా: ముందు భయం వదిలెయ్యండి. హీమాంజియోమా క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారదు కూడా. కాలేయంలో వచ్చే హానిలేని గడ్డల్లో తరచుగా కనిపించేది ఇదే. ఆడవాళ్లలో మరికాస్త ఎక్కువ. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వంటి పట్టణాల్లోనూ ఇప్పుడు వేరే సమస్య కోసం కడుపు స్కాన్ తీయించుకుంటే ఇవి అనుకోకుండా బయటపడుతుంటాయి.

ఈ గడ్డ స్పాంజిలా ఉంటుంది. లోపల రక్తం నెమ్మదిగా కదులుతుంటుంది. అల్ట్రాసౌండ్‌లో ఇది అంచులు స్పష్టంగా ఉన్న తెల్లటి మచ్చలా కనిపిస్తుంది. కాలేయానికి బాగా కొవ్వు పట్టినవారిలో మాత్రం నల్లగానూ కనిపించొచ్చు. కొన్ని క్యాన్సర్ గడ్డలూ తెల్లగానే ఉంటాయి. అందుకే హెపటైటిస్-బి, సి, సిరోసిస్ ఉన్నవారు, గతంలో క్యాన్సర్ వచ్చినవారు అల్ట్రాసౌండ్‌తోనే సరిపెట్టుకోకూడదు.

అలాంటివారికి, అనుమానం తీరని వారికి ట్రిపుల్ ఫేజ్ సీటీ గానీ, ఎమ్మారై గానీ అవసరం. సీటీలో రక్తనాళం ద్వారా కాంట్రాస్ట్ మందు ఎక్కించి, కొద్ది నిమిషాల్లో పలు దఫాలుగా చిత్రాలు తీస్తారు. మందు మొదట గడ్డ అంచుల్లో అక్కడక్కడా చేరుతుంది. తర్వాత మెల్లగా మధ్యకు పాకుతుంది, చివరి చిత్రాల్లోనూ నిలిచే ఉంటుంది. కాలేయంలోనే పుట్టే క్యాన్సర్‌లో అయితే చాలావరకు మందు త్వరగా చేరి త్వరగా వెళ్లిపోతుంది. ఎమ్మారైలో 'టీ2' అనే చిత్రాల్లో హీమాంజియోమా వెలిగించిన బల్బులా మెరుస్తుంది. మరీ చిన్న గడ్డలు ఒక్కసారే నిండిపోవచ్చు, పెద్దవాటి మధ్యభాగం నిండకపోవచ్చు.

ఈ లక్షణాలు స్పష్టంగా ఉంటే ముక్క తీయాల్సిన పని లేదు. రక్తంతో నిండిన గడ్డ కాబట్టి సూది గుచ్చితే రక్తస్రావమయ్యే ప్రమాదం ఉంటుంది. బంధువుల మాట విని తొందరపడొద్దు.

ఇంత చిన్న గడ్డ సాధారణంగా నొప్పి పెట్టదు. మీ నొప్పికి అల్సర్, ఎసిడిటీ వంటి కారణాలేమైనా ఉన్నాయేమో వైద్యులకు చూపించుకోండి. హెపటైటిస్ పరీక్షలూ చేయించండి. అవి మామూలుగా ఉంటే మందులు, ఆపరేషన్ అక్కర్లేదు. డాక్టర్ సూచిస్తే ఆరు నెలలకో, ఏడాదికో ఒకసారి స్కాన్ తీయించుకుంటే చాలు. అప్పుడు పాత ఫిల్ములు, రిపోర్టు తప్పక తీసుకెళ్లండి. గడ్డ పెరిగిందో లేదో తేల్చేది వాటితో పోలికే!