క్రొత్తచోట మందుచీటి



పెనిమిటి యుద్యోగము ననుసరించి యూళ్లు మాఱుట మనలో పెక్కుమందికి పరిపాటి. మైదానమునుండి అరకులోయకు వచ్చిన గృహిణి పాలు, బియ్యము, గ్యాసుబండ దొరకు చోట్లను మొదటిదినముననే విచారించును. ఆసుపత్రి మాట మాత్రము బిడ్డకు జ్వరము తగిలిన రాత్రి గాని తలంపునకు రాదు. ఆ విచారణయు మొదటి వారముననే జరుగవలయునని నా మనవి.

ఇచ్చట ప్రభుత్వవైద్యము మెట్లు మెట్లుగా నున్నది. గ్రామమున ఆశా కార్యకర్త యుండును. ఈ యేర్పాటు 2005 లో నారంభమైనది. ఆపైని ఉపకేంద్రము, ప్రాథమికారోగ్యకేంద్రము, అరకులోయలోని ఏరియా ఆసుపత్రి, జిల్లాకేంద్రమగు పాడేరులోని పెద్దాసుపత్రి కలవు. అంతకు మించిన రోగమైనచో నూఱు కిలోమీటర్లకు పైగా ఘాటుదారి దిగి, విశాఖపట్టణమున 1923 లో నెలకొన్న కింగ్ జార్జి ఆసుపత్రికి పోవలెను. రాత్రివేళ రోగితో నా దారి దిగుట సామాన్యము కాదు. కావున మనకు దగ్గఱి మెట్టేదో, అది యేవేళల తెఱచియుండునో ముందే యెఱిగియుండుట మేలు.

ఈ కొండలలో చలిజ్వరము చిరకాలశత్రువు. దోమ కడుపులో మలేరియా క్రిమిని రోనాల్డు రాసు 1897 లో మన సికిందరాబాదుననే కనిపెట్టెను. నేడు ఆశా కార్యకర్త వ్రేలికొన గ్రుచ్చి, యొక్క రక్తపుబొట్టుతో అరగంటలోపున ఫలితము చెప్పగలదు. జ్వరము తగిలిననాడే యీ పరీక్ష చేయింపవలెను; ఏలయన మలేరియాలో ఫాల్సిపారం అను తెగ యాలస్యమైనచో ప్రాణాంతకము.

వైవాక్స్ అను రెండవ తెగ మోసకారి. దానికి మూడుదినములు క్లోరోక్విను, పదునాలుగు దినములు ప్రైమాక్విను వ్రాయుదురు. మూడవనాటికి జ్వరము శమించును. క్రిమి మాత్రము కాలేజమున దాగి నిద్రించుచుండును. దానిని నిర్మూలించుటకే యా పదునాలుగు దినముల మందు. మా వీథిలో క్రొత్తగా కాపురమునకు వచ్చిన యొక యిల్లాలు జ్వరము తగ్గినదని నాలుగవనాడు మాత్రలు మాని, “పిల్లల కెప్పుడైన పనికివచ్చు”నని మిగిలినవి డబ్బాలో దాచెను. రెండు నెలలకు జ్వరము మరల వచ్చినది. దాచిన మాత్రలు పిల్లలకు వేయకుండుట యా యింటి యదృష్టము. ప్రైమాక్వినును గర్భిణులకును, పసికందులకును ఈయరాదు. జి6పిడి అను పదార్థము రక్తమున లోపించినవారికి అది రక్తకణములను విఱుగగొట్టును. ఒకరి చీటి మందు వేఱొకరికి విషము కావచ్చును.

చీటిని చదువుట కష్టము కాదు. “1-0-1” అనగా ఉదయ మొకటి, రాత్రి యొకటి, మధ్యాహ్నము లేదు. “ఓ.డి.” దినమున కొకసారి, “బి.డి.” రెండుసార్లు, “టి.డి.యస్.” మూడుసార్లు. “హెచ్.యస్.” నిద్రకు ముందు, “యస్.ఓ.యస్.” అవసరమైనప్పుడు మాత్రమే. అన్నమునకు ముందా, తరువాతనా, ఎన్నిదినములు అని మందులిచ్చు కిటికీకడనే యడుగుడు. పాత చీటీలను, మునుపు వాడిన మాత్రల యట్టలను సంచిలో నుంచుకొనుడు. గర్భము, పాలిచ్చుట, పడని మందులు ఉన్నచో వైద్యు డడుగకమునుపే చెప్పుడు. ఇది సిగ్గుపడవలసిన చోటు కాదు.

మఱియొక మాట. ఆ కిటికీకడ మనప్రక్కను నిలిచిన కొండయువతి కువియో, ఆదివాసి ఒరియాయో మాటలాడును. ఊరు మనకు క్రొత్త. చీటిలోని యక్షరములు ఆమెకు క్రొత్త. డోలీమీద రోగిని మోయించుకొని, గెడ్డలు దాటి వచ్చినది కావచ్చును. ఆమె మందుపొట్లముమీద సూర్యునిబొమ్మయు చంద్రునిబొమ్మయు గీసి, దినముల కొక్కొక్క గీటు పెట్టి, తిరిగి యామెచేతనే చెప్పించుట కెంత కాలము పట్టును? ఆమె భాష మనకు రానిచో ఆశా కార్యకర్తను తోడు పిలువవచ్చును. ఆమెయే విశాఖకు పంపబడిననాడు అచ్చట మనకంటె క్రొత్తది యగును. ఆనాడు ఆ గీట్లున్న పొట్లమే యామె తరపున మాటలాడును.

జ్వరము తగ్గుట వేఱు, రోగము కుదురుట వేఱు. చీటిలోని కడపటి మాత్రవఱకు మ్రింగిననే వైద్యము ముగిసినట్లు.