టిష్యూ అరటి: తొందర నర్సరీది, నష్టం రైతుది

అనంతపురం, కడప జిల్లాల్లో జి-9 అరటి సాగంతా దాదాపు టిష్యూకల్చర్ మొక్కలతోనే. ల్యాబు సీసాలో మొక్క పెరిగేది చక్కెర కలిపిన ఆహారంతో, నిండు తేమలో. ఆకుపై మైనపు పొర సరిగా ఏర్పడదు. నేరుగా ఎండలో పెడితే నీరు కోల్పోయి వాడిపోతుంది. అందుకే తొలుత గ్రీన్‌హౌస్‌లో, తర్వాత షేడ్‌నెట్ కింద సంచుల్లో, ఒక్కో దశలో ఐదారు వారాలు అలవాటు చేయాలి.

ఈ గడువు తగ్గితే ఖర్చు మిగిలేది నర్సరీకి. చచ్చిన మొక్కల స్థానంలో మళ్లీ నాటుకోవలసింది రైతు. వైరస్ పరీక్షకు కేంద్రం 2006లో ధ్రువీకరణ విధానం తెచ్చింది. అయితే లేబుల్ ఉన్నా, మొక్క ఎండకు గట్టిపడిందో లేదో రైతే చూసుకోవాలి. అడుగు ఎత్తు, ఐదారు ఆకులు, సంచి నిండా వేళ్లు ఉంటేనే బండి దింపించుకోవాలి. బిల్లు భద్రపరచుకోవాలి.