పచ్చికకింద పాటిఊళ్లు

ఇంగ్లండ్‌లో స్థిరపడిన తెలుగువారలారా! ఒక సెలవురోజున పిల్లలను వెంటబెట్టుకుని యార్క్‌షైర్‌లోని వారమ్ పెర్సీకి వెళ్లిరండి. లోయలో కప్పులేని సెయింట్ మార్టిన్ చర్చి కనిపిస్తుంది. గట్టెక్కి చూస్తే గడ్డి అంతా మిట్టపల్లాలు. ఆ మిట్టలు ఇళ్ల ఆనవాళ్లు. ఆ పల్లం జనం నడిచి నడిచి గాడిపడ్డ దారి. మన పల్లెల్లో ఇలాంటి చోటును పాటిదిబ్బ అంటాం.

1348లో వచ్చిపడ్డ మహామారి ఇలాంటి ఊళ్లెన్నిటినో కుంగదీసింది. పూర్తిగా ఖాళీ చేయించింది మాత్రం చాలాచోట్ల గొర్రెలే. ఉన్నికి గిరాకీ పెరిగింది, భూస్వాములు దున్నే పొలాలను మేతబీళ్లు చేశారు. వారమ్‌లో మిగిలిన కొద్ది కుటుంబాలనూ 1500 ప్రాంతంలో వెళ్లగొట్టారు. ఆ రైతు ఏం తిన్నాడో, ఏ కుండలో వండుకున్నాడో, ఇంటిని ఎన్నిసార్లు తిరిగి కట్టుకున్నాడో ఏ రాజపత్రంలోనూ లేదు. ఆ మట్టిలోనే ఉంది.

దాన్ని చదవడానికి చరిత్రకారుడు మారిస్ బెరెస్‌ఫర్డ్, పురావస్తు పరిశోధకుడు జాన్ హర్స్ట్‌ల వెంట 1990 దాకా నలభై ఏళ్లు వేసవి వేసవికీ జనం వచ్చారు. ఎక్కువమంది జీతం లేకుండా పనిచేసిన మామూలు మనుషులు. అంత చేసినా తవ్వింది కొంత భాగమే. మిగిలినదంతా ఇంకా గడ్డికిందే భద్రంగా ఉంది.

ఇలాంటి పాటిఊళ్లు ఇంగ్లండ్‌లో వేలున్నాయి. కొన్నిటికి 1979 నాటి పురాతన కట్టడాల చట్టం రక్షణ ఉంది. అనుమతి లేకుండా అక్కడ తవ్వినా, మెటల్ డిటెక్టర్ తిప్పినా నేరం. కానీ ఆ రక్షిత స్థలాల జాబితాకెక్కనివి ఎన్నో! లోతుగా దిగిన ఒక్క నాగలి చాలు, ఐదారు వందల ఏళ్లు చెదరకుండా నిలిచిన గోడ అడుగు లేచిపోతుంది. ఎక్కడ దొరికిందో రాసిపెట్టకుండా జేబులో వేసుకున్న నాణెం ఏ కథా చెప్పదు.

అది మన తాతల ఊరు కాదు కదా అనకండి. మన పిల్లలు ఆడుకునే నేల అది. కదలండి! కౌంటీ దగ్గర పురాస్థలాల పట్టిక ఉంటుంది, మీ చుట్టుపక్కల ఏమున్నాయో అడిగి తెలుసుకోండి. పక్కన ఇళ్లు కడతామన్న దరఖాస్తు వస్తే చదవండి, గడువులోగా మీ మాట రాసి పంపండి. రాత్రిపూట ఆ బీట్లో లైట్లు, పారలు కనబడితే వెంటనే పోలీసులకు ఫోన్ చేయండి. తెలుగు సంఘాల పెద్దలారా, ఈ ఏడాది వనభోజనాలకు బస్సు మాట్లాడేటప్పుడు అలాంటి ఊరొకటి దారిలో ఉండేలా చూడండి. పిల్లలను ఆ పాతవీధి వెంట నడిపించండి. ఏ గుమ్మం ఎక్కడుండేదో వాళ్లనే వెతకమనండి.