రాయి దొరికితే ఏం చేస్తావు?

తొలకరి పడిందంటే గుడిమెట్ల కొండకు జనం కదులుతారు. చందర్లపాడు మండలంలో కృష్ణ ఒడ్డునున్న ఊరది. వాన పైమట్టిని కడిగేశాక కంకర తేలుతుంది, ఆ కంకరలో వజ్రం ఉంటుందని ఆశ. చుట్టుపక్కల ఊళ్లవాళ్లే కాదు, పల్నాడు నుంచి, గుంటూరు నుంచి, ఖమ్మం వైపు నుంచి కూడా వస్తారు. అన్నం క్యారేజీలు చెట్టుకింద పెట్టి, పిల్లల్ని నీడన కూర్చోబెట్టి, ఎండ నడినెత్తికి వచ్చేదాకా వంచిన నడుం ఎత్తరు.

మొన్న నేనూ వెళ్లాను. యాభై ఏళ్లుంటాయేమో, ఒకామె చిన్న పుల్లతో కంకర కదుపుతూ వెతుకుతోంది. ఆమె పక్కన కూర్చుని అడిగాను. "అమ్మా, పెద్ద రాయి దొరికిందనుకో, కోట్ల రూపాయలది. ఏం చేస్తావు?"

ఆలోచించడానికి ఆమెకు క్షణం పట్టలేదు. "ముందు అప్పు కట్టేస్తా బాబూ. కౌలు మిర్చికి తెచ్చింది, రెండు రూపాయల వడ్డీ. మా ఆయనకు మోకాలు ఆపరేషన్ చేయించాలి. రెండోపిల్ల పెళ్లుంది. ఇంటికి స్లాబు వేయించుకుంటే వానకు ఇబ్బంది ఉండదు."

"ఇంకా మిగిలితే?"

చేతిలో పుల్ల ఆగింది. "అంత దొరుకుద్దా?" అంది.

ఆ సాయంత్రం ముక్త్యాలలో టీకొట్టు దగ్గర కూర్చున్నవాళ్లనీ అదే అడిగాను. పది కోట్ల లాటరీ తగిలితే ఏం చేస్తారని. సొసైటీ బాకీ కడతానన్నాడు ఒకాయన. తాకట్టులో ఉన్న భార్య పుస్తెలతాడు విడిపిస్తానన్నాడు ఇంకొకాయన. కొడుకు చదువుకు చేసిన అప్పు తీరుస్తానన్నాడు ఒక పెద్దాయన. విమానం ఎక్కుతానని గానీ, పెద్ద కారు కొంటానని గానీ ఎవరూ అనలేదు. పది కోట్లన్నా వాళ్ల ఊహ పది లక్షల దగ్గరే ఆగిపోయింది. రాత్రి ఇంటికొచ్చి ఆ జవాబులన్నీ ఒక కాగితం మీద రాసుకుంటే, తీరని బాకీల పద్దులా కనిపించింది.

మన రాష్ట్రంలో లాటరీ టికెట్ల అమ్మకం లేదు. అయినా మనవాళ్లకు లాటరీ తగిలిన కథలు వింటూనే ఉన్నాం. 2019లో నిజామాబాద్ జిల్లా రైతు ఒకాయన, గల్ఫ్‌లో పని దొరక్క తిరిగొచ్చి, భార్య దగ్గర 20 వేలు తీసుకుని స్నేహితుడి చేత అబుదాబి లాటరీ టికెట్ కొనిపించాడు. కోటిన్నర దిర్హమ్‌లు వచ్చాయి. అప్పటి మన లెక్కలో 28 కోట్ల పైమాట. 2022 డిసెంబరులో దుబాయ్‌లో డ్రైవర్‌గా ఉన్న ఉత్తర తెలంగాణ యువకుడికీ అంతే మొత్తం తగిలింది. ఆ డబ్బుతో ట్రస్టు పెట్టి తన ఊరివాళ్లకూ చుట్టుపక్కల ఊళ్లవాళ్లకూ సాయం చేస్తానన్నాడా అబ్బాయి. ఆ మాట చదివిన రోజు నాకు కళ్లు చెమర్చాయి.

అదే ఏడాది సెప్టెంబరులో కేరళ ఓనం బంపర్ 25 కోట్లు తిరువనంతపురం ఆటోడ్రైవర్‌కు వచ్చింది. కమీషన్, పన్ను పోగా 15 కోట్ల 75 లక్షలన్నారు. ఇంకా డబ్బు చేతికి రాకముందే సాయం అడిగేవాళ్లు ఇంటి ముందు బారులు తీరారు. వారం తిరక్కుండానే, ఇంట్లో ఉండలేకపోతున్నాను, ఈ బహుమతి రాకపోయినా బాగుండేదని ఆయన బాధపడ్డాడు. ఆ బారులో నిలబడ్డవాళ్లను ఆశపోతులని కొందరు తిట్టారు. నేను తిట్టలేను. ఆపరేషన్ కాగితాలు పట్టుకుని ఒక ఆటోడ్రైవర్ గుమ్మంలో నిలబడాల్సి వచ్చిందంటే, అంతకు ముందు వాళ్లు ఎన్ని గుమ్మాలు ఎక్కి దిగి ఉంటారో!

డబ్బుతో సుఖం రాదని పేదవాడికి నీతి చెప్పడం నాకు ఇష్టం ఉండదు. లాటరీ గెలిచినవాళ్లు మిగతావాళ్ల కంటే సంతోషంగా లేరని 1978లో అమెరికా పరిశోధకులు రాసింది పదేపదే చెబుతుంటారు. వాళ్లు మాట్లాడింది కేవలం 22 మంది విజేతలతో. స్వీడన్‌లో వేల మంది విజేతలను ఏళ్ల తర్వాత పలకరించి 2020లో వెలువరించిన అధ్యయనం వేరే మాట చెప్పింది. పెద్ద మొత్తం వచ్చినవాళ్లు తమ బతుకు పట్ల ఎక్కువ తృప్తితో ఉన్నారు, ఆ తృప్తి ఏళ్ల తరబడి నిలిచింది. అప్పు తీరితే నిద్ర పడుతుంది. అది తెలుసుకోవడానికి గుడిమెట్ల కొండ మీద ఆమెకు ఏ పరిశోధనా అక్కర్లేదు.

నా బాధ వేరు. ఒక్కరికి తగిలిన అదృష్టం ఎంత దూరం వెళుతుంది? ఈ ప్రశ్నకు మన కృష్ణ ఒడ్డే ఎప్పటినుంచో జవాబు చెబుతోంది.

ముక్త్యాలకు ఎగువన, అవతలి ఒడ్డున కొల్లూరు ఉండేది. ఇప్పుడా గని చోటు పులిచింతల నీళ్లకింద ఉంది. 17వ శతాబ్దంలో అక్కడికి వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే ఒక ముచ్చట రాశాడు. తాను రావడానికి సుమారు వందేళ్ల ముందు, చిరుధాన్యం చల్లుకుందామని నేల తవ్వుకుంటున్న పేదవాడికి దాదాపు 25 క్యారట్ల రాయి దొరికిందట. గని అలా బయటపడింది. తావెర్నియే వచ్చేనాటికి ఆడా మగా పిల్లలతో కలిపి 60 వేల మంది అక్కడ పనిచేస్తున్నారు. అయితే మరో గని గురించి రాస్తూ, కూలీకి ఏడాదికి దక్కేది మూడు వరహాలేనన్నాడు. పెద్ద రాయి తీసిచ్చినవాడికి ఒక తలపాగా గుడ్డ, కొద్దిగా నగదు, బియ్యం, పళ్లెంలో చక్కెర ఇచ్చేవారట. రాజుల కిరీటాలకెక్కిన రాళ్ల పేర్లు మనకు నోటికొచ్చు. గింజలు చల్లుకోబోయిన ఆ పేదవాడి పేరు మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు.

రాయి సంగతి అలా ఉంచి, రాజుల సొమ్ము ఏమైందో చూద్దాం. జగ్గయ్యపేట ఒకప్పుడు బేతవోలు. చింతపల్లి నుంచి, తర్వాత అమరావతి నుంచి ఏలిన రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు ఆ ఊరిని తీర్చిదిద్ది తండ్రి జగ్గన్న పేరు పెట్టాడు. మంగళగిరిలో 11 అంతస్తుల గాలిగోపురం ఆయన కట్టించిందే. దానధర్మాలకు పెట్టింది పేరు. పిల్లలు లేక ఇద్దరిని దత్తత చేసుకున్నాడు. ఆయన పోయాక ఆస్తి కోసం ఆ ఇంట్లో దావాలు మొదలయ్యాయి. అవి సముద్రాలు దాటి లండన్‌లో ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లాయి. మొదటి దత్తపుత్రుడు బతికుండగా రెండో దత్తత చెల్లదని 1846లో తీర్పు వచ్చింది. ఇప్పటికీ లా విద్యార్థులు రంగమ్మ, అచ్చమ్మల వ్యాజ్యమని చదువుకునేది మన వాసిరెడ్డి వారి తగాదానే. ఆయన దానంగా కట్టించిన గోపురం జనం కళ్లముందు నిలిచి ఉంది. వారసులకు మిగిల్చిన ఐశ్వర్యం కోర్టు కాగితాల్లో నిలిచింది.

సరిగ్గా ఇలాంటి సంగతే అమెరికాలోనూ తేలింది. 1832లో జార్జియా రాష్ట్రం చెరోకీ ఆదివాసుల నుంచి గుంజుకున్న భూమిని తెల్లవాళ్లకు లాటరీ తీసి పంచింది. గెలిచినవాడి చేతికి ఆ రోజుల్లో చిన్నపాటి ఆస్తే వచ్చింది. కానీ ఆ గెలిచినవాళ్ల కొడుకులు చదువులో గానీ సంపదలో గానీ, ఓడినవాళ్ల కొడుకుల కంటే మెరుగ్గా లేరని ఇద్దరు ఆర్థికవేత్తలు పాత జనాభా లెక్కలు తిరగేసి తేల్చారు. 2014 తర్వాత రాజధాని మాట రావడంతో హైవే పక్కన నందిగామ, కంచికచర్ల పొలాలకూ లాటరీ లాంటి ధరలు వచ్చాయి కదా. ఎకరం అమ్మి మేడ కట్టినవాళ్లను చూశాను, పిల్లల చదువుల మీద పెట్టినవాళ్లనూ చూశాను. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయన్న మాట మన పెద్దలు ఊరికే అనలేదు.

మరి ఈ మెట్టకు నిజంగా తగిలిన లాటరీ ఏది? ముక్త్యాలలో పుట్టి పెరిగిన ఎవరినడిగినా ఒక్కటే చెబుతారు, సాగర్ కాలవ.

కృష్ణ పక్కనే పారుతున్నా, మన నేలకు నీరెక్కేది కాదు. ఏరు పల్లంలో, పొలం మెరకలో. కృష్ణ నీళ్లను పెన్నకు మళ్లించి దక్షిణానికి తీసుకుపోవాలని అప్పటి మద్రాసు ప్రభుత్వం ఆలోచిస్తున్న రోజుల్లో, కాదు, నందికొండ దగ్గర ఆనకట్ట కట్టాలని పట్టుబట్టినవాడు ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్. ఊరూరా తిరిగాడు, రైతులను కూడగట్టాడు, సొంత డబ్బు నీళ్లలా ఖర్చుపెట్టాడు. 1952లో ఖోస్లా కమిటీ పరిశీలనకు వచ్చినప్పుడు నందికొండకు దారి లేదంటే, ఆ చుట్టుపక్కల పల్లెల జనాన్ని కలుపుకుని రోజుల్లో జీపులు పోయే బాట వేయించాడని మావైపు ఇప్పటికీ చెప్పుకుంటారు. కమిటీ నందికొండ వైపే మొగ్గింది. 1955 డిసెంబరు 10న అక్కడే నాగార్జునసాగర్‌కు నెహ్రూ పునాదిరాయి వేశారు. 1967లో ఇందిరాగాంధీ కాలవలకు నీళ్లు వదిలారు.

వాసిరెడ్డి వంశంలోనే ఒక సొమ్ము కోర్టుకెక్కింది, ఒక సొమ్ము కాలవకెక్కింది. కాలవకెక్కినదానికి ఒక్క వారసుడంటూ లేడు కాబట్టే అందరూ వారసులయ్యారు. ఆ ఆనకట్ట రాజుగారొక్కరి డబ్బుతో కట్టింది కాదు. ప్రజల పన్నులతో కట్టారు. రాళ్లు మోసిన వేలాది కూలీల చేతులతో కట్టారు. ఊళ్లు ఖాళీ చేసి వెళ్లినవాళ్ల త్యాగంతో కట్టారు. అందుకే అది ఒక్క తరంతో కరిగిపోలేదు. సాగర్ నీళ్లు మొదటిసారి వచ్చిన రోజు ఊరంతా కాలవగట్టుకు వెళ్లి, పసుపూ కుంకుమా చల్లి, కొబ్బరికాయలు కొట్టారని మా అమ్మ చెప్పేది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతులో ఉండే సంబరం నాకింకా గుర్తు.

ఇప్పుడు గుడిమెట్ల ఆమె చెప్పిన పద్దు మళ్లీ విప్పుదాం. ఆమె అప్పు ఎలా అయింది? కౌలుకు తీసుకున్న చేలో మిర్చి వేశారు. 2021 చివర్లో నల్ల తామర పురుగు పూతనంతా తినేసింది. ఆ నష్టం పూడుద్దామని మళ్లీ మిర్చే వేశారు. ఒకప్పుడు క్వింటాలు 20 వేలు దాటిన పంటకు 2025 ఫిబ్రవరిలో కేంద్రం 11,781 రూపాయలు ఖరారు చేయాల్సిన గతి పట్టింది. వాళ్లకు బ్యాంకు అప్పు ఎందుకు రాలేదు? కౌలు కార్డు లేదు. 2019లో తెచ్చిన చట్టం కార్డుకు భూమి యజమాని సంతకం అడిగింది. సంతకం పెడితే పొలం చేజారుతుందేమోనని యజమానికి భయం. కార్డు రాలేదు, వడ్డీ వ్యాపారి దగ్గర ప్రోనోటు రాయక తప్పలేదు. మోకాలి ఆపరేషన్ కోసం ఒక ఆసుపత్రికి నాలుగుసార్లు తిరిగి వచ్చారు. రెండోపిల్ల పెళ్లికి కావలసిన డబ్బులో సగం కట్నమే. అది ప్రభుత్వం తీర్చే బాకీ కాదు, మనం మానాల్సిన పాపం.

ఈ పద్దులో ఏదీ వజ్రంతో తీరాల్సింది కాదు. కౌలుదారుకు యజమాని సంతకంతో పనిలేకుండా అప్పు ఇవ్వాలి. మిర్చికి కోతకు ముందే ధర చెప్పాలి. ఆసుపత్రి మొదటిసారి వెళ్లినప్పుడే వైద్యం చేయాలి. కాలవ చివరి భూములకు నీళ్లు వచ్చేలా పూడిక తీయాలి. ఎగువన తూములు పగలగొట్టకుండా చూడాలి. కాలవ కట్టి అర్ధశతాబ్దం దాటినా చివరి చేలవాళ్లు ఇప్పటికీ ఆకాశం వైపు చూస్తున్నారంటే, తాతలు గెలిచి ఇచ్చిన బహుమతిని మనం సగమే పంచామని అర్థం.

పది కోట్లు తగిలితే నువ్వేం చేస్తావని టీకొట్టు దగ్గర పెద్దాయన నన్ను ఎదురడిగాడు. మా ఊరి కాలవ కింద చివరి వంద ఎకరాలకు నీళ్లు పారిస్తానన్నాను. "దానికి నీ లాటరీ ఎందుకు అబ్బాయ్, అది మన హక్కు కదా," అన్నాడాయన. నా జవాబు కంటే ఆయన మాటే సరైనది.

అంతకు ముందు, గుడిమెట్ల కొండ దిగబోతుంటే ఆమె పిలిచింది. కొంగుముడి విప్పి చిన్న రాయి నా అరచేతిలో పెట్టింది. "చూడు బాబూ, నీకు చదువుంది కదా, ఇదేమన్నా మెరుస్తోందా?" ఎండకు ఎత్తి అటూ ఇటూ తిప్పాను. తెల్లటి పలుగురాయిలా అనిపించింది. తెలియడం లేదమ్మా, ఎవరికైనా చూపించమన్నాను. ఆమె దాన్ని మళ్లీ కొంగున కట్టుకుంది.

రేపూ వస్తావా అని అడిగాను. తల అడ్డంగా ఊపింది. "పత్తి గింజలు పెట్టడానికి రమ్మన్నారు. పని లేనప్పుడే ఇటు రావడం. సాగర్ కాలవ వదిలి మా చేల దాకా నీళ్లొస్తే నాట్లకు పోతాం బాబూ. అప్పుడు ఈ కొండకేసి ఎవరూ చూడరు."

— మెట్టవాసి