రూపాయీ దిగాలి, కూలీ వంగాలా?

2025 జూన్‌లో మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఫ్యాక్టరీల్లో రోజు పనిని 9 గంటల నుంచి 10కి పెంచాలని నిర్ణయించింది. మూడు నెలల ఓవర్‌టైమ్ పరిమితిని 75 గంటల నుంచి 144కి లాగింది. నవంబరు 21న అమల్లోకి వచ్చిన కేంద్ర కార్మిక కోడ్, 300 మంది లోపున్న ఫ్యాక్టరీలు సర్కారు అనుమతి లేకుండానే మనుషుల్ని తీసేసే వీలిచ్చింది. డిసెంబరులో డాలరు 90 రూపాయలు దాటింది. అన్నిటికీ ఒకటే సమర్థన: ఎగుమతుల పోటీలో నిలబడాలి!

ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ కార్మిక పక్షపాతి కాడు. ఆయనే 1953లో రాశాడు: దేశంలోని ధరలూ వేతనాలూ అన్నీ మార్చడం కన్నా మారకపు రేటు ఒక్కదాన్ని మార్చడం తేలిక, వేసవిలో ఊరంతా అలవాట్లు మార్చుకునే బదులు గడియారం ముల్లు జరిపినట్టే అని. గ్రీసుకు ఆ ముల్లు చేతిలో లేదు. యూరోలో చిక్కుకుంది గనక 2012లో కనీస వేతనాన్నే 22 శాతం కోసింది. మనకు సొంత రూపాయి ఉంది, రిజర్వు బ్యాంకు ఉంది. ముల్లూ జరిపి, మనుషుల్నీ తెల్లవారకముందే లేపడం ఏం న్యాయం?

శ్రీసిటీ పారిశ్రామికవాడకు వెళ్లి చూడండి. చుట్టుపక్కల పల్లెల ఆడపిల్లలు బస్సుల్లో వచ్చి సెల్‌ఫోన్లు బిగిస్తారు. అందులో చిప్పులూ, ఇంకెన్నో విడిభాగాలూ డాలర్లు పోసి తెచ్చినవే. రూపాయి పడితే అవి చవక కావు. చవకయ్యేది ఆ పిల్లల శ్రమ. డాలర్ల లెక్కన వాళ్ల జీతం అప్పుడే తగ్గింది. దిగుమతి వంటనూనె, పెట్రోలు ధరలు ఇంకొంత తినేస్తాయి. ఆపైన ఈ పదో గంట!

వారానికి 48 గంటలు దాటదు, ఓవర్‌టైమ్ ఇష్టముంటేనే అంటారు. ఉద్యోగం ఎప్పుడు పోతుందోనన్న భయమున్న చోట ఇష్టమెక్కడిది?

లాభం కిందికి దానంతటది దిగుతుందని నమ్మేవాళ్లు చిత్తూరు తోతాపురి మామిడి రైతుని అడగండి. గుజ్జు విదేశాలకు పోతుంది, డాలర్లు తెస్తుంది. అయినా 2025లో ఫ్యాక్టరీలు ఇవ్వాల్సిన ధరను కిలోకు 8 రూపాయలుగా నిర్ణయించి, దానికి ప్రభుత్వం 4 రూపాయలు కలపాల్సి వచ్చింది.

కనుక పదో గంటను రద్దు చేయండి. పెరిగిన ధరలకు తగ్గట్టు కనీస వేతనాలు సవరించండి. తీసేసే ముందు అనుమతి అడగాలన్న పాత రక్షణను తిరిగి తెండి. రూపాయి దిగినప్పుడే కార్మికులు తమ వంతు చెల్లించారు. రెండోసారి వసూలు చేయడం దోపిడీ.